ఎన్నడూ లేదు

సోహార్ రేవులో క్రేన్ ఎక్కాలంటే
ముందు తొంభై ఆరు ప్రశ్నలు ఎక్కి దిగాలి.
ఏసీ నీళ్లు బకెట్లోకి కారే రేకుల గదిలో
నాకో బల్ల, వాళ్లకో బెంచీ.
నేను చదువుతాను, వాళ్లు చెబుతారు,
మూడు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెడతాను.
రోజూ. అప్పుడప్పుడు. ఎన్నడూ లేదు.

తెలుగు చేసి పంపిన మహానుభావుడెవరో
"నిస్పృహ కలుగుతుందా?" అని రాశాడు.
"అదేంది సారు, కొత్త గోలీనా?" అన్నాడు పోశెట్టి.
కొట్టేసి, పైన "రంది" అని రాశాను.
ఆ మాట వినగానే బెంచీ మీది పదకొండు మందీ
ఒక్కసారే చెప్పుల వంక చూసుకున్నారు.
తర్వాత వరసగా పదకొండు గొంతులు:
"రందా? మాకెందుకుంటది? ఎన్నడు లేదు."

నిద్ర పడుతుందా? "పసిపోరని లెక్క."
కోపం? "అదెట్లుంటదో మరిచిపోయిన."
చచ్చిపోవాలని అనిపిస్తుందా?
"ఛీ ఛీ. ఆ ప్రశ్న జల్ది దాటు సారు."

రాత్రి రెండింటికి పద్నాలుగో గది మెట్ల మీద
ఎవరెవరి సిగరెట్లు వెలుగుతాయో నాకు తెలుసు.
తెలిసినదానికి ఫారంలో గడి లేదు.

నలభై మూడోది ఎర.
"నేను అబద్ధం ఆడతాను."
ఎన్నడూ లేదన్నవాడి మిగతా జవాబులు చెల్లవని
డాక్టర్ సామెహ్ టీ తాగుతూ నాకు చెప్పాడు,
వాళ్లకు చెప్పొద్దనీ చెప్పాడు.
రాజలింగు కుడిచెయ్యి గుండె మీద పెట్టి
"కొండగట్టు అంజన్న మీద ఒట్టు, ఎన్నడు లేదు" అన్నాడు.
టిక్కు పెట్టాను.
ఎర మింగిన చేపలాగా కాదు,
గుళ్లోంచి వచ్చినవాడిలా లేచి వెళ్లాడు.

వాళ్లను తప్పుపట్టలేను.
నిరుడు లక్‌పతి నిజం చెప్పాడు.
"పైన కూసున్నప్పుడు కింద సముద్రం
గుంజినట్టయితది సారు, అప్పుడప్పుడు."
ఆ ఒక్క అప్పుడప్పుడుకి
తెల్లారి చేతికి చీపురొచ్చింది,
జీతంలో నలభై అయిదు రియాళ్లు పోయాయి.
అప్పట్నుంచీ మా క్యాంపు కాగితాలన్నీ
బ్లీచింగులో నానబెట్టిన దుప్పట్లే.

గంగాధర్ది ఇంకో దారి.
ఒప్పందం తెంపుకొని ఇంటికి పోవాలని
అన్నింటికీ రోజూ, రోజూ, రోజూ.
గోడలు నీతో మాట్లాడతాయా?
"మాట్లాడతయి. తెలుగులనే."
తల వెంట్రుకలు?
"అవి కొట్లాడతయి గూడ."
నవ్వాపుకోలేక నా పెన్ను గీత దాటింది.
డాక్టరూ నవ్వాడు, ఫైలు మీద "నటన" అని రాశాడు.

తర్వాత రెండు నెలలకు
గంగాధర్ మెస్సులో పళ్లెం ముందు కూచుని
అన్నం మెతుకులు ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.
ఎవరూ చూడనప్పుడు కూడా.
నేను ఫైలు తీసుకెళ్లాను.
డాక్టర్ పైపేజీ చూసి మళ్లీ మూసేశాడు.

మార్చిలో మస్కట్ నుంచి ఉత్తరం,
దానితో పాటు కేకు.
కంపెనీ క్యాంపులన్నిటిలో
మాదే సంతోషంగా ఉన్న క్యాంపట.
సగటు తీసినవాళ్లు చెప్పారు.
కత్తి దొరికేలోపే
క్రీముతో రాసిన మా పేరు కరిగి బల్ల మీదికి జారింది.

ఈసారి గుమాస్తాలక్కూడా పరీక్ష.
నా ఎదుట కూచుని పెన్ను లాక్కున్నాడు పోశెట్టి.
"నువ్వు చెప్పు సారు, టిక్కు నేను కొడ్త."
కూడబలుక్కుంటూ చదివాడు,
నేను రాసిన మాట దగ్గరికొచ్చి ఆగాడు.
"రంది?"

బకెట్లో నీళ్లు పడుతున్నాయి.

"ఎన్నడూ లేదు" అన్నాను.

నా మొహం చూడలేదు.
"మెట్ల మీద నీ సిగరెట్టు గూడ కనబడ్తది సారు" అని
కాగితానికి పెన్ను ఆనీ ఆనకుండా
మూడో గడిలో ఒక టిక్కు గీసి
తర్వాతి ప్రశ్న చదివాడు.